స్వర్ణముఖి ఊటలు, దుగరాజపట్నం కోట

వాకాడు ప్రాంత చరిత్ర వెదికేవారు సాధారణంగా సముద్రం వైపు నడుస్తారు. నేను ఏటి వైపునుండి మొదలుపెడతాను. చంద్రగిరి సీమలో పుట్టి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా వచ్చి ఇక్కడ కడలిని చేరే స్వర్ణముఖిలో ఏడాదిలో చాలాకాలం పైకి కనబడేది ఇసుకే. నీరు అడుగున నడుస్తుంది. ఆ ఇసుకను త్రవ్వితే ఊరే గుంటే చెలమ. తేట తేరేదాకా ఓపికపట్టి, చిప్పతో ముంచి కడవకు పోసుకోవాలి. ఆ ఊటనే పొలాలకు మళ్ళించడానికి ఏటిలో త్రవ్వుకొన్నవి ఊటకాలువలు. కొండమీది తీర్థాలకు దక్కిన స్తోత్రాలు పాపం వీటికి దక్కలేదు.

ఈ తీరాననే ఉన్నది దుగరాజపట్నం. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1626 ప్రాంతంలో ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పి, కోట కట్టి ఫిరంగులు నిలిపింది. వారు దీనిని ఆర్మగాన్ అన్నారు. తమకు తోడ్పడిన ఆర్ముగం ముదలియారు పేరు పెట్టారని ఐతిహ్యం. బట్టల వ్యాపారం ఆశించినంత సాగలేదు. ఇక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుని వద్ద మదరాసులో చోటు సంపాదించాడు. మరుసటి ఏడు మకాం అక్కడికి మారింది. చెన్నపట్నం కథకు తొలి అధ్యాయం మన తీరాన ఉన్నదని ఎందరికి తెలుసు? ఇక్కడి దీపస్తంభం ఇప్పటికీ ఆర్మగాన్ పేరునే మోస్తున్నది.

ఊరిపేరును కొందరు ‘దుర్గరాజపట్నం’ అని దిద్ది వ్రాస్తారు. నాకది రుచించదు. తొలి తెలుగు శాసనాల్లో ‘దుగరాజు’ అన్న బిరుదు ఉన్నది. యువరాజునకు అది వికృతి అని పండితుల మాట. సంస్కరించబోయి పాత తెలుగును చెరుపుకోవడమెందుకు?

ఇక ఏటిపేరు. కాళహస్తి గుడి కట్టిన కూలీలు సాయంకాలం ఏటి ఇసుకను చేతబట్టగా, ఎవరి కష్టానికి తగినంత వారికి బంగారమయ్యేదట. ఒళ్ళు దాచుకొన్నవానికి ఇసుక ఇసుకగానే మిగిలేదట. నేడు కష్టంతో పనిలేకుండానే ఆ ఇసుక బంగారమై లారీలకెక్కింది. ఇసుక పొర పోతే వాననీటిని పట్టి ఉంచేదేమీ ఉండదు. చెలమ ఊరదు, ఊటకాలువ పారదు. కోట పోయినా దాని పేరు పుస్తకాలలో ఉన్నది. ఊటకాలువల పేర్లు మాత్రం వాటి నీరు కట్టుకొన్న రైతుల నోట తప్ప మరెక్కడా లేవు. మీ ఊరి ఏటిలో అటువంటివి ఉంటే, వాటి పేర్లు తెలిసినవారు వ్రాయగలరు.