మెట్టనేలయు, మోటారు సారాయియు

కల్యాణదుర్గమునుండి దక్షిణముగా, ఎఱ్ఱనేలల నడుమ గుండ్రాళ్ల గుట్టలను దాటి పోవు బాటసారికి కుందుర్పి కొండకోట దూరమునుండియే కానవచ్చును. విజయనగరము క్షీణించిన పిమ్మట పాళెగాండ్ర చేతులలో నుండిన ఆ దుర్గము క్రిందనే ఊరున్నది. కర్ణాటకపు సరిహద్దు మిక్కిలి సమీపము గనుక ఇచ్చటివారికి కల్యాణదుర్గ మెట్టిదో పావగడయు నట్టిదే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే గల అనంతపురము సీమలో, ఆ కొద్దిపాటి వానయు వేళకు రాక బుడ్డలు వేసిన రైతు ఆకాశమువంక చూచుచు నుండు మూల ఇది. ఇచ్చట కారుగలవాడు వీలైనప్పుడు సరిహద్దు దాటి పెట్రోలు పోయించుకొని వచ్చుటకు కారణము ఆవల ధర తక్కువగుటయే. ధరలో భేదమున్నను సరకులో భేదము లేదు: ఈవలి బంకులోనైనను ఆవలి బంకులోనైనను నేడు నూటికి 20 పాళ్లు ఎథనాలు, అనగా నీరు తీసిన సారాయి, కలసియే వచ్చును. కలిపినది మేలా, కలపనిది మేలా అని కారుగలవారు వాదించుకొనుచున్నారు. ఆ సారాయి పెట్రోలులోనికి ఎన్నిమారులు వచ్చి, ఎన్నిమారులు వెడలిపోయెనో తెలియనివానికి ఆ వాదము సగమే బోధపడును.

మోటారునకు సారాయి క్రొత్త ఆహారము కాదు. మొదటి మహాయుద్ధములో పెట్రోలు కొఱత రుచిచూచిన ఆంగ్లప్రభుత్వము మోటారు సారాయిని గూర్చి విచారింప నొక సంఘమును నియమించినప్పుడు, 1919లో ఆ సంఘమువారి దృష్టి మన ఇప్పచెట్లపై పడినది. మధ్యహిందూదేశమునను నైజాము రాజ్యమునను రాలు ఇప్పపూలు, ఎండిన పిదప, నూటికి 60 పాళ్లు పులియదగిన చక్కెర గలవనియు, టన్ను పూలనుండి సుమారు 90 గ్యాలనుల సారాయి దిగుననియు వారు లెక్కకట్టిరి. గోండులును కోయలును తెల్లవాఱుజామున లేచి ఏరి, ఎండబెట్టి, కరవుకాలమున ఉడుకబెట్టుకొని తిని బ్రదికిన పువ్వది. ఆ పూలను యంత్రమునకు పెట్టినచో అడవిలోనివాడు ఏమి తినవలెనను ప్రశ్న నాకు ఆ గ్యాలనుల లెక్కకన్న ముఖ్యముగా తోచును. నూఱేండ్ల తరువాత నూకలకును మొక్కజొన్నకును అదే ప్రశ్న మరల వచ్చినది గదా.

పువ్వు అడవిలోనే మిగిలినది. దాని స్థానమును చెరకుమడ్డి ఆక్రమించినది. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణశాసనము లభించుటతో దేశమంతట మిల్లులు వెలసెను. చక్కెర తీసిన పిమ్మట మిగులు నల్లని మడ్డిని ఎచ్చట పోయవలెనో మిల్లువారికి తోచలేదు. మైసూరు సంస్థానమున మండ్యలోను, నైజాము రాజ్యమున బోధనులోను ఆ మడ్డినుండియే మోటారు సారాయి తీయ నారంభించిరి. పని చెప్పినంత సులభము కాదు. మడ్డిని పులియబెట్టి ఎన్నిమారులు బట్టీ పట్టినను సారాయిలో నూటికి ఇంచుమించు 5 పాళ్లు నీరు విడువక నిలిచియుండును. తాగుటకు ఆ నీరు అడ్డు కాదు. పెట్రోలులో పోసినచో అదియే సారాయిని విడదీసి ట్యాంకు అడుగున చేర్చును. ఆ కడపటి నీటిని తొలగించు విద్య పట్టుబడిన తరువాతనే సారాయికి మోటారు ప్రవేశము దొరకినది.

రెండవ యుద్ధకాలమున రాయలసీమ బాటలపై నడచిన వాహనము మాత్రము సారాయిది కాదు, బొగ్గుది. పెట్రోలుకు రేషను వచ్చుటతో బస్సుల వెనుక ఇనుప పీపా బిగించి, అందు బొగ్గు కాల్చి, చేతితో పంకా త్రిప్పి, పుట్టిన వాయువును వడగట్టి ఇంజనులోనికి పంపెడివారు. తెల్లవాఱకముందే క్లీనరు పంకా త్రిప్ప మొదలిడిననే గాని బస్సు కదలదు; ఎత్తువచ్చినచో ప్రయాణికులు దిగి నడువవలసినదే. బొగ్గుబస్సు మాట మా పెద్దల నోట ఎన్నిమారులో వింటిని. ఆ పొగలో ప్రయాణము చేసినవారికి ఏ ఇంధనము మేలను ప్రశ్నయే లేదు, దొరకినదే మేలు.

స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడే, 1948లో, పెట్రోలులో సారాయి కలుపు నిమిత్తము కేంద్రప్రభుత్వము ప్రత్యేక శాసనము చేసినది. తరువాత పెట్రోలు చవుకయై, మడ్డిసారాయిని రసాయన కర్మాగారములును మద్యపు వ్యాపారులును ఎగురవేసికొనిపోగా, ఆ శాసనము పుస్తకములలో నిదురించి 2000లో రద్దయ్యెను. మూడేండ్లు తిరుగకమునుపే, 2003 జనవరి మొదటి తేదీనుండి, 9 రాష్ట్రములలో 5 పాళ్ల మిశ్రణము విధింపబడినది. వానిలో ఆంధ్రప్రదేశ మొకటి. ఆ వెంటనే వానలు తప్పి చెరకు పంట పడిపోగా 2004లో ఆ నిబంధనను సడలింపవలసి వచ్చినది. అనంతపురమువారికి ఇందులో ఆశ్చర్యమేమియు లేదు: వాన రానిచో పంట రాదు, పంట రానిచో దానిపై కట్టిన మేడయు నిలువదు. మడ్డితోబాటు చెరకురసమును, పాడైన ధాన్యమును, బియ్యమును, మొక్కజొన్నను బట్టీలకు విడిచిన తరువాతనే లెక్క పెరిగి, 2022లో 10 పాళ్లును, 2025లో 20 పాళ్లును అయ్యెను.

ఇక కారు మాట. సారాయికి ఆక్టేను సంఖ్య హెచ్చు. కొట్టుకొనక నిలుకడగా మండును. కాని లీటరునకు లీటరు తూచినచో పెట్రోలుకంటె మూడవవంతు వేడిమి తక్కువ. పాత ప్రమాణముల కార్లలో 20 పాళ్ల మిశ్రణమువలన 6 నుండి 7 పాళ్లు మైలేజీ తగ్గవచ్చునని నీతి ఆయోగే 2021లో వ్రాసినది. 2023 ఏప్రిలు తరువాతి కార్లలో గొట్టములును రబ్బరు భాగములును ఈ మిశ్రణమునకు తగినట్లు చేయబడినవి; అంతకు పూర్వపు కారుగలవాడు సర్వీసు సమయమున వానిని పరీక్షింపించుటయు, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలువయుంచకుండుటయు మంచిది, ఏలయన సారాయి గాలిలోని తేమను పీల్చును. ఎథనాలు కలపని నూఱు ఆక్టేను పెట్రోలు కొన్ని పెద్ద నగరములలో మిక్కిలి హెచ్చు వెలకు దొరకును. కుందుర్పివానికి అది ఉన్నను లేనట్లే. ఎంచుకొనుటకు ఏమియు చూపక ఎంచుకొమ్మనుట న్యాయము కాదు. కలిపినదియు కలపనిదియు వేఱువేఱుగా, వాని వానికి తగిన ధరతో బంకులో నిలిపి, ఏది ఏదో స్పష్టముగా వ్రాయవలెనని నా దృఢాభిప్రాయము.

అయినను నన్ను కలచునది మైలేజీ కాదు. చెరకునుండి తీసిన లీటరు ఎథనాలునకు సుమారు 2,860 లీటర్ల నీరు పట్టునని ఆ నీతి ఆయోగు పత్రమే చెప్పుచున్నది. ముప్పది లీటర్లు పోయించుకొనిన కారులో ఆఱు లీటర్లు ఎథనాలు; అది చెరకుదే యైనచో వెనుక పదునేడు వేల లీటర్ల నీరున్నది. వేసవిలో బోర్లు ఎండిన పల్లెకు ట్యాంకరు వచ్చినప్పుడు బిందెలు వరుసగా నిలిపి కాచుకొను స్త్రీలకు, అది అయిదువేల లీటర్ల ట్యాంకర్లు మూడింటికి మించిన నీరు.

ఈ నేలకు సరిపడు మార్గమొకటి మన తెలుగునాటనే కొంతకాలము కంటబడినది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు పెంచిన తీపిజొన్న చెరకుకంటె ఎంతో తక్కువ నీటితో పెరుగును; కంకి ఇంటికి, దంటురసము బట్టీకి, పిప్పి పశువులకు. 2007 ప్రాంతమున సంగారెడ్డి సమీపమున దానినుండి ఎథనాలు తీయు కర్మాగారము నడచినది. అది ఎక్కువకాలము సాగలేదు: కోసిన దంటు వెంటనే గానుగ కెక్కనిచో రసము పులిసిపోవును, పంట వచ్చు దినములు ఏడాదికి కొన్నియే. వట్టి మడ్డికి చూపిన ఓపికలో సగము ఆ జొన్నకు చూపియుండిన ఏమయ్యెడిదో. మెట్టపల్లెలలో జొన్నచేను కోతకు వచ్చినప్పుడు పిల్లలు తియ్యని దంటును ఏరుకొని, పండ్లతో తొక్క చీల్చి, నమలుచు గట్లవెంట ఇంటికి పోవుట నేటికిని కలదు.