చిన్న కండెన్సరు – పెద్ద నష్టము

స్విచ్ వేయగానే పలకని పాత రేడియో మీలో పెద్దవారికి జ్ఞాపకముండే ఉంటుంది. లోపలి వాల్వులు వేడెక్కి వెలిగేదాకా ఇంటిల్లిపాదీ ఓపిక పట్టేవారు. అలాంటి వాల్వులతో పనిచేసిన ఒక యాంప్లిఫైయర్ చరిత్రను, దానిని తిరిగి బాగుచేసే విధమును ఈ దినము తెలుసుకొందాము.

వాల్వు అంటే ఏమిటి? గాలి తీసివేసిన గాజు బుడ్డి. 1904లో ఇంగ్లండులో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ దీనిని తయారుచేశాడు. అందులో విద్యుత్తు ఒకే వైపుకు ప్రవహించేది. తరువాత అమెరికాలో లీ డి ఫారెస్ట్ దానిలో గ్రిడ్ అనే మూడవ భాగమును చేర్చి, 1907లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. కాలువ తూము తలుపును కొంచెం ఎత్తితే ఎంత నీరు పారుతుందో చూడండి. గ్రిడ్ మీదికి వచ్చే చిన్న సంకేతము కూడా అలాగే పెద్ద ప్రవాహమును నడిపిస్తుంది. చిన్న స్వరము పెద్దదయ్యే రహస్యమిదే.

పీటర్ వాకర్ అనే ఆయన 1936లో లండనులో ఒక చిన్న కంపెనీ ప్రారంభించాడు. యుద్ధకాలములో బాంబుదాడుల వలన అక్కడ నిలువలేక 1941లో హంటింగ్‌డన్ పట్టణమునకు తరలివెళ్లాడు. అక్కడనుండే 1953లో క్వాడ్ టూ యాంప్లిఫైయర్ వచ్చింది. దాని శక్తి 15 వాట్లే. అయినా స్వచ్ఛమైన స్వరమునకు అది పేరు పొందింది. అందులో ఐదు వాల్వులు: ముందు రెండు ఈఎఫ్86, చివర రెండు కేటీ66, కరెంటును సరిచేసే జీజెడ్32 ఒకటి. 1967లో అదే కంపెనీ ట్రాన్సిస్టర్లతో క్వాడ్ 303 తెచ్చింది. వాల్వుల సెట్లు అటకెక్కాయి. కానీ వాటిని దించి బాగుచేసేవారు నేటికీ ఉన్నారు.

అయితే చాలామంది చేసే పొరపాటు ఏమిటి? స్వరము సరిగా లేకపోతే ముందుగా వాల్వులు మార్చేస్తారు. వెలిగేవి, కంటికి కనబడేవి అవే కదా! కానీ తప్పు తరచుగా వేరే చోట ఉంటుంది.

ఈఎఫ్86కు, కేటీ66కు మధ్య 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్లు రెండున్నాయి. వాటి పని స్వరమును దాటనివ్వడము, వెనుకనున్న హై వోల్టేజిని ఆపడము. ఏండ్లు గడిచేకొద్దీ అవి లీకవుతాయి. అప్పుడు కేటీ66 గ్రిడ్ మీదికి రాకూడని వోల్టేజి వస్తుంది. వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది. ఆ రెండు వాల్వులకూ ఉమ్మడిగా ఉన్న 180 ఓముల రెసిస్టరు మాడుతుంది. చివరికి ట్రాన్స్‌ఫార్మరుకే ముప్పు. అదే పోతే దొరకడం కష్టము. విచారమేమంటే, లీకు కొంచెముగా ఉన్నప్పుడు స్వరము బాగానే వినబడుతుంది! పాత కండెన్సరును అలాగే ఉంచి ఎంత ఖరీదైన క్రొత్త వాల్వు పెట్టినా, అదీ పాడవుతుంది.

కాబట్టి మూడు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, ఏండ్ల తరబడి వాడని సెట్టుకు నేరుగా కరెంటు ఇవ్వవద్దు. రెండవది, దీనిలో 300 వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు తీసిన తరువాత కూడా కండెన్సర్లలో కొంతసేపు నిలిచి ఉంటుంది. ప్రాణాపాయము! పని తెలిసిన మెకానిక్కుకే అప్పగించండి. మూడవది, మీటరుతో కొలిచి, పాడైనదానినే మార్చమనండి. బాగున్న ట్రాన్స్‌ఫార్మరును, వాల్వులను కదపవద్దు. తీసిన పాత భాగములను కవరులో వేసి దాచండి. తరువాత చూసేవారికి అవి ఉపయోగపడతాయి.

మీ ఇంటి అటక మీద ఇలాంటి వాల్వు సెట్టు ఏదైనా ఉందా? పాత సామానువానికి తూకానికి వేయకముందు ఒక్కసారి ఆలోచించండి. కొద్దిపాటి ఖర్చుతో మార్చగల చిన్న కండెన్సరు కోసము, మీ పెద్దలు విన్న స్వరమును పారవేయవద్దు.