ఇల్లు కొనాలంటే చేతిలో ఎంత ఉండాలి? బజానా రోజుల నుంచి బ్యాంకు రోజుల దాకా

మా నూజివీడు వైపు మామిడి తోట ఉన్న ఇళ్లలో ఏ పెద్ద ఖర్చు మాట వచ్చినా "కాపు డబ్బు చేతికి రానీ, చూద్దాం" అంటారు. పెళ్లయినా ఇల్లయినా అంతే. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు... ఏ కాయయినా పంట ఏడాదికి ఒక్కసారే. కొందరు పూత మీదో పిందె మీదో తోటని వ్యాపారికి ఇచ్చేసి కొంత సొమ్ము ముందే పుచ్చుకుంటారు. ఇల్లు కొనేటప్పుడూ అదే వరస. ముందు బజానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకోవడం, గడువులోగా మిగతాది కట్టి రిజిస్ట్రేషను చేయించుకోవడం.

పాత రోజుల్లో ఆ "మిగతాది" అంతా మనమే తేవాలి. అంటే చేతిలో ఉండాల్సింది నూటికి నూరు వంతులూ! కాపు డబ్బు, పాడుకున్న చీటీ, ప్రోనోటు మీద తెచ్చిన అప్పు కలిపినా చాలకపోతే చివరికి అందరి చూపూ ఇల్లాలి మెడ మీదే పడేది.

ఇంటి అప్పు అనేది మధ్యతరగతికి అందుబాటులోకి రావడం మొదలైంది 1977లో, హెచ్.టి. పరేఖ్ గారు బొంబాయిలో హెచ్‌డీఎఫ్‌సీ పెట్టాక. 1978లో వాళ్లిచ్చిన మొదటి అప్పు 30 వేలు, ఆ ఇంటి ఖరీదు 70 వేలు. సగానికి పైగా కొనేవారే పెట్టుకున్నారన్నమాట. 1988లో నేషనల్ హౌసింగ్ బ్యాంకు, 1989లో ఎల్ఐసీ హౌసింగ్ ఫైనాన్స్ వచ్చాయి. పోనుపోను బ్యాంకులు కూడా పోటీపడి ఇంటి అప్పులివ్వడంతో మన చేతి సొమ్ము వాటా తగ్గుతూ వచ్చింది.

మరీ తగ్గితే ప్రమాదమని 2010 చివర్లో రిజర్వు బ్యాంకు ఒక హద్దు గీసింది. ఇంటి ఖరీదులో నూటికి 80 మించి అప్పు ఇవ్వకూడదని, చిన్న అప్పులకైతే 90 దాకా ఇవ్వవచ్చని చెప్పింది. 2015లో దాన్ని సవరించి 30 లక్షల లోపు అప్పుకి 90, 30 నుంచి 75 లక్షల దాకా 80, ఆ పైన 75 అని పెట్టింది.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. 2012 నుంచి స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చుల్ని బ్యాంకువాళ్లు ఇంటి ఖరీదులో కలపకూడదు. (బాగా తక్కువ ఖరీదు ఇళ్లకి మాత్రం తర్వాత మినహాయింపు ఇచ్చారు.) మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషను ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 40 లక్షల ఇల్లు అనుకోండి. బ్యాంకు 32 లక్షలిస్తే మన వాటా 8 లక్షలు. రిజిస్ట్రేషనుకి ఇంకో 3 లక్షలు. గృహప్రవేశం పాలు పొంగించకముందే 11 లక్షలు కావాలి! "ఇరవై శాతం ఉంటే చాలు" అన్న మాట నమ్మి బజానా ఇచ్చేసినవాళ్లు చిక్కుకునేది ఈ 3 లక్షల దగ్గరే.

తోట ఆదాయం మీద బతికేవాళ్లకి ఇంకో సంగతి. డబ్బు ఏడాదికోసారి వస్తుంది, వాయిదా మాత్రం నెలనెలా కట్టాలి. తేనెమంచు పురుగు పూతని పాడు చేసినా, ఈదురుగాలికి కాయ రాలినా బ్యాంకు ఆగదు. జీతగాళ్లయితే ఆరు నెలల వాయిదాలు, తోట ఇళ్లవాళ్లయితే ఒక ఏడాది వాయిదాలు పక్కన పెట్టుకున్నాకే ముందుకి వెళ్లాలని నా అభిప్రాయం. మొత్తం మీద ఇంటి ఖరీదులో మూడో వంతు కూడబెట్టేదాకా బజానా ఇవ్వొద్దు.

ఇక మెడలోని బంగారం సంగతి. నూరు వంతులూ చేతిలో ఉండాల్సిన రోజుల్లోనూ, ఇరవై వంతులు చాలన్న ఈ రోజుల్లోనూ మారనిది అదొక్కటే. తక్కువ పడిన సొమ్ము ఆడవాళ్ల బంగారంలోంచే వస్తుంది. దస్తావేజు మీద పేరు మాత్రం ఎన్నో ఇళ్లలో మగవాళ్లదే. 1956 హిందూ వారసత్వ చట్టం ఆడవాళ్ల ఆస్తికి వాళ్లనే పూర్తి హక్కుదారుల్ని చేసింది. స్త్రీధనం భార్య సొంతమేనని 1985లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. కానీ గాజులు అమ్మి ఇల్లు కొన్నాక, ఆ ఇంట్లో నా గాజులున్నాయని రుజువు చేయడం మాటలు కాదు. 2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కూడా తక్కువ ఆదాయం వాళ్ల ఇల్లు ఆడవాళ్ల పేరునో, ఉమ్మడిగానో ఉండాలని పెట్టింది. ప్రభుత్వమే అడిగినది మనం ఇంట్లో అడగడానికి మొహమాటం ఎందుకు?

బంగారం అమ్మాల్సి వస్తే ఆ డబ్బు మీ ఖాతాలో వేసుకుని, అక్కడి నుంచే చెక్కు ఇవ్వండి. దస్తావేజులో మీ పేరు రాయించండి. ఈ మాట బజానా ఇచ్చే ముందే అడగాలి. రిజిస్ట్రేషను రోజున అడిగితే అది గొడవ అవుతుంది, ముందే అడిగితే మామూలు మాటే.