బ్రిటిష్ బ్రాస్ బ్యాండ్: పోటీలు పెంచిన సంగీతం

బ్రిటన్‌లో బ్రాస్ బ్యాండ్ అంటే ఇత్తడి వాద్యాలు, వాటికి తోడు తాళవాద్యాలు మాత్రమే ఉండే బృందం. మన పెళ్ళి ఊరేగింపుల్లోని బ్యాండు మేళంలో తరచుగా పాటను నడిపించే క్లారినెట్‌కు ఇందులో చోటు లేదు. కార్నెట్లు, ఫ్లూగెల్ హార్న్, టెనర్ హార్న్‌లు, బారిటోన్లు, యూఫోనియంలు, ట్రాంబోన్లు, ట్యూబాలు అన్నీ కలిపి పాతిక మంది దాకా ఊదుతారు. వేలితో నొక్కి స్వరం మార్చే వాల్వులున్న వాద్యాలన్నిటికీ స్వరలిపి ఒకే పద్ధతిలో రాస్తారు, వేళ్ళ కదలిక కూడా ఒకటే. కాబట్టి కార్నెట్‌తో మొదలుపెట్టిన కుర్రాడు పెదవి కుదురుకోగానే ట్యూబా అందుకోవచ్చు. పగలంతా మిల్లులోనో బొగ్గు గనిలోనో చాకిరీ చేసి, సాయంత్రం సాధనకు కూర్చునేవాళ్ళకు ఇది చిన్న వెసులుబాటు కాదు.

ఈ బ్యాండ్లు 19వ శతాబ్దంలో ఉత్తర ఇంగ్లండు పారిశ్రామిక ఊళ్ళలో పెరిగాయి. 1810ల చివర జర్మనీలో వాల్వు పుట్టింది. 1840లలో అడాల్ఫ్ సాక్స్ రూపొందించిన సాక్స్‌హార్న్ అనే వాల్వు వాద్యాలను డిస్టిన్ కుటుంబం కచేరీలు చేసి బ్రిటన్‌లో ప్రచారంలోకి తెచ్చింది. యార్క్‌షైర్‌లోని క్వీన్స్‌బరీలో జాన్ ఫాస్టర్ బట్టల మిల్లు పేరు పెట్టుకున్న బ్లాక్ డైక్ వంటి బృందాలు ఆ కాలానివే. 1853లో మాంచెస్టర్ బెల్ వ్యూ తోటల్లో పోటీలు మొదలయ్యాయి. 1900లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో జాతీయ పోటీ వచ్చింది.

ఈ పోటీల్లో బ్యాండ్లన్నీ ఒకే రచన వాయించాలి. తెర చాటున కూర్చున్న న్యాయనిర్ణేతలకు ఎవరు వాయిస్తున్నారో తెలియదు. పరీక్షలో ప్రశ్నపత్రం ఎలాంటిదో ఇక్కడ టెస్ట్ పీస్ అలాంటిది. చాలా కాలం ఆ పత్రంలో సొంత సరుకు లేదు. వెర్డీ, డోనిజెట్టీ, మెయర్‌బీర్ ఒపెరాల నుంచి ఏరి కూర్చిన భాగాలే ఉండేవి. ఒపెరా హాలు గడప తొక్కని శ్రామికులకు ఆ సంగీతాన్ని పరిచయం చేసింది ఈ బ్యాండ్లే. అయినా అది అరువు సంగీతమే.

1913లో జాతీయ పోటీకి పెర్సీ ఫ్లెచర్ రాసిన ‘లేబర్ అండ్ లవ్’తో ఈ పద్ధతి మారింది. పని మీద విసుగెత్తిన కార్మికుడు, అతనికి నచ్చజెప్పే భార్య, చివరికి సంతోషంగా పనిలోకి వెళ్ళడం ఇందులోని కథ. యజమానులకు బాగా నచ్చే కథే! సంగీతంగా గొప్పది కాకపోయినా, బ్యాండు కోసమే రాసిన రచనతో పోటీ నడపవచ్చని అది రుజువు చేసింది.

తరవాత పెద్ద పేర్లు వచ్చాయి. 1928 జాతీయ పోటీకి గుస్తావ్ హోల్స్ట్ ‘ఎ మూర్‌సైడ్ సూట్’ రాశాడు. యౌవనంలో ట్రాంబోన్ ఊది పొట్టపోసుకున్నవాడు కాబట్టి ఆయనకు ఇత్తడి ఊపిరి తెలుసు. స్కెర్జో, నాక్టర్న్, మార్చ్ అని మూడు భాగాలు. నడిమి భాగంలో బ్యాండు గొంతు తగ్గించి పాడుతుంది. ఇత్తడి అంటే హోరు అనుకునేవారికి ఈ భాగమే తగిన జవాబు. ఆ ఏడు బ్లాక్ డైక్ గెలిచింది.

1930లో రాజాస్థాన సంగీతాధిపతి ఎడ్వర్డ్ ఎల్గార్ ‘సెవర్న్ సూట్’ ఇచ్చాడు. దాన్ని నాటకకర్త బెర్నార్డ్ షాకు అంకితం చేశాడు. బ్యాండు వాద్యాలకు అమర్చిన పని హెన్రీ గీల్‌ది. ఆ అమరికలో ఎవరి వంతు ఎంతన్నది చాలాకాలం వాదంగా నడిచింది. ఫోడెన్స్ బ్యాండు ఆ పోటీ గెలిచి, 1932, 33, 34లలో వరసగా మూడుసార్లు మళ్ళీ గెలిచింది. అందులో రెండుసార్లు పోటీ రచన జాన్ ఐర్లండ్‌దే: ‘ఎ డౌన్‌లాండ్ సూట్’ (1932), ‘కామెడీ ఓవర్చర్’ (1934). రెండోదాన్ని ఆయనే తిరగరాసి ఆర్కెస్ట్రాకు ‘ఎ లండన్ ఓవర్చర్’గా మలిచాడు.  1936లో ఆర్థర్ బ్లిస్ ‘కెనిల్‌వర్త్’తో పోటీ జరిగిన కొద్ది వారాలకే, నవంబరు 30న, క్రిస్టల్ ప్యాలెస్ కాలిపోయింది.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత బ్యాండ్ల లోపలి మనుషులు ముందుకు వచ్చారు. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థలో ఎదిగిన ఎరిక్ బాల్ 1950లో బెల్ వ్యూ పోటీకి ‘రిసర్గమ్’ రాశాడు. ‘తిరిగి లేస్తాను’ అని ఆ లాటిన్ మాటకు అర్థం. బ్యాండువాళ్ళ గుండెకు అంత దగ్గరైన రచన మరొకటి చెప్పడం కష్టం. వాన్ విలియమ్స్ 85వ ఏట, 1957లో, ‘వేరియేషన్స్’ ఇచ్చాడు. 1960లలో గిల్బర్ట్ వింటర్ పాత చట్రాలు వదిలేశాడు. రంగుల పేర్లతో రాసిన ఆయన ‘స్పెక్ట్రమ్’ 1969లో చాలామందికి మింగుడుపడలేదు. విల్‌ఫ్రెడ్ హీటన్ ‘కాంటెస్ట్ మ్యూజిక్’ది ఇంకా విచిత్రమైన కథ. 1973 జాతీయ పోటీ కోసం రాయించి, తీరా చూశాక పక్కన పెట్టారు. 1982లో గానీ అది పోటీకెక్కలేదు. ఇప్పుడు దాన్ని మేలిరచనల్లో లెక్కిస్తారు. పరీక్షాధికారులు తప్పుగా దిద్దిన పత్రం అది.

మాల్కమ్ ఆర్నల్డ్ ‘ఫాంటసీ’ (1974), ఎడ్వర్డ్ గ్రెగ్సన్ ‘కానొటేషన్స్’ (1977), ఫిలిప్ స్పార్క్ ‘ద ఇయర్ ఆఫ్ ద డ్రాగన్’ (1984) ఆ తరవాతి తరానివి. 1985 నాటి జాన్ మెకేబ్ ‘క్లౌడ్‌క్యాచర్ ఫెల్స్’ ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల మీదుగా నడిచినట్టు సాగుతుంది. నేర్పును పరీక్షిస్తున్నదన్న సంగతి శ్రోత మరిచిపోతాడు, అదే దాని గొప్ప. పీటర్ గ్రాహమ్ ‘హారిసన్స్ డ్రీమ్’ (2000) సముద్రం మీద రేఖాంశం లెక్కకట్టే గడియారం చేసిన జాన్ హారిసన్ గురించినది. గడియారపు టిక్కుటిక్కు బ్యాండంతా పరుగెడుతుంది.

పోటీ బయట కూడా రచనలు పుట్టాయి. ఎల్గార్ హోవార్త్ నాయకత్వంలో గ్రైమ్‌థోర్ప్ గని బ్యాండు ఆధునికుల్ని పిలిచి రాయించుకుంది. హారిసన్ బర్ట్‌విజిల్ ‘గ్రైమ్‌థోర్ప్ ఆరియా’ (1973) ఆ వరసలోదే. కటువైన, చీకటి సంగీతం. అదే బ్యాండు 1992 అక్టోబరులో ఫిలిప్ విల్బీ ‘ద న్యూ జెరూసలేమ్’ వాయించి జాతీయ పోటీ గెలిచింది. గని మూతపడుతుందని ప్రభుత్వం ప్రకటించింది సరిగ్గా ఆ రోజుల్లోనే. గ్రైమ్‌థోర్ప్ ఊరి గొడవే ‘బ్రాస్డ్ ఆఫ్’ (1996) సినిమాకు ప్రేరణ. 1993లో గని మూసేశారు. బ్యాండు మాత్రం ఇంకా వాయిస్తోంది, పేరులో గని అన్న మాట అలాగే ఉంచుకుని.