మధ్యాహ్నం పూట కోర్టు

1981 సెప్టెంబరులో అమెరికా టీవీలో ఒక కోర్టు తెరుచుకుంది. దాని పేరు ‘ద పీపుల్స్ కోర్ట్’. తీర్పు చెప్పే జోసెఫ్ వాప్నర్ నటుడు కాదు, లాస్ ఏంజెలెస్ సుపీరియర్ కోర్టులో జడ్జిగా రిటైరైన మనిషి. పక్కన నిలబడ్డ రస్టీ బరెల్ నిజం కోర్టులో బంట్రోతుగా పనిచేసినవాడే. 1950ల నాటి ‘డివోర్స్ కోర్ట్’లో విడాకుల కేసుల్ని నటులు ఆడి చూపించేవారు. వాప్నర్ ముందుకు మాత్రం జనం సొంత గొడవలతోనే వచ్చారు.

అడ్వాన్సు తిరిగివ్వని ఇంటి ఓనరు, బట్టలు పాడుచేసిన లాండ్రీ, పొరుగింటి కుక్క. కాలిఫోర్నియాలో స్మాల్ క్లెయిమ్స్ కోర్టులని ఉంటాయి. అక్కడ లాయర్లుండరు, ఎవరి వాదన వాళ్ళే చెప్పుకోవాలి. అప్పట్లో 1,500 డాలర్లు దాటని దావాలే అక్కడికి వెళ్ళేవి. కార్యక్రమం వాళ్ళు ఆ దావాలు వెతికి, ఇరుపక్షాలనూ పిలిచేవారు. ఇంత చిన్న నష్టాన్ని కూడా ఒక పెద్దమనిషి కూర్చుని ఓపిగ్గా వినడమే చూసేవాళ్ళను కట్టిపడేసింది.

ఎంతగానంటే, 1989లో ‘వాషింగ్టన్ పోస్ట్’ సర్వే చేస్తే వాప్నర్ పేరు 54 శాతం మంది చెప్పగలిగారు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ పేరు చెప్పినవాళ్ళు 9 శాతమే. ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. కోర్టంటే ఏమిటో ఒక దేశం టీవీ చూసి నేర్చుకుంటోందన్నమాట.

1993లో వాప్నర్ కార్యక్రమం ఆగింది. 1996లో ‘జడ్జ్ జూడీ’ వచ్చింది. న్యూయార్క్ ఫ్యామిలీ కోర్టులో పనిచేసిన జుడిత్ షైండ్లిన్‌ది వేరే తీరు. మాట మధ్యలో అడ్డుకుంటారు, కసురుతారు, అబద్ధమనిపిస్తే ముఖానే అనేస్తారు. ఆ కార్యక్రమం 25 సీజన్లు నడిచింది. 2009-10లో రేటింగుల్లో ఓప్రా విన్‌ఫ్రీ టాక్ షోనే దాటేసింది.

నిజానికి ఈ రెండూ కోర్టులు కావు. ఇరుపక్షాలూ అసలు కేసు వదులుకుని, మధ్యవర్తి మాటకు కట్టుబడతామని సంతకం చేసి వచ్చేవి. మన రచ్చబండ దగ్గర తప్పు కట్టేది తప్పు చేసినవాడే. ఇక్కడ మాత్రం తీర్పు సొమ్ము నిర్మాతలే ఇచ్చేవారు. ఓడినవాడి జేబులోంచి పైసా కదిలేది కాదు.

అసలు స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో గెలిచినవాడికి చేతికొచ్చేది తీర్పు కాగితమే. డబ్బు కోర్టు వసూలు చేసిపెట్టదు. ఎదుటివాడి జీతం మీదో బ్యాంకు ఖాతా మీదో జప్తు కోసం అతనే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ తిరుగుడు ఏ ఎపిసోడ్‌లోనూ కనిపించలేదు.