కప్పు చరిత్ర – 4: వంటింటి కప్పు

గత భాగంలో తాటాకు కప్పు గురించి మాట్లాడుకున్నాం. ఈసారి స్లాబ్ గురించి.

మా నాన్న ఊళ్ళో ఇళ్ళకు సున్నాలు వేసేవాడు. సంక్రాంతికి ముందు నెలంతా అదే పని. వసారా, సావిడి, పడకగదుల కప్పులు ఆయనవి. వంటిల్లు, దేవుడి గది మాత్రం వేరే కులం మనిషికి ఇచ్చేవాళ్ళు. సున్నం చుక్కలు పడి ఎర్రబడ్డ కళ్ళతో సాయంత్రం గూడేనికొస్తే, మా నెత్తిన తాటాకు.

ఇది పేదరికం ఒక్కటే కాదు. అంటరానివాళ్ళు పెంకుటిల్లు కట్టుకోవడాన్ని కూడా ఊరు నేరంగా చూసేదని బాబాసాహెబ్ రాశారు. అంటే కప్పుకి కూడా కులం ఉంది.

ప్రభుత్వాలు ఈ వైపు చూడటానికి చాలాకాలం పట్టింది. రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ 1979లో వచ్చింది. ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో మొదలైంది, మొదట్లో అది ఎస్సీ, ఎస్టీలకు, వెట్టి నుంచి విడుదలైనవాళ్ళకు ఉద్దేశించిన పథకం. అదే 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. బతికినవాళ్ళు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. ఇల్లు మంజూరు కావడం వేరు, ఆ ఇంట్లో భయం లేకుండా పడుకోవడం వేరు. ఈ రెండూ కలిపి చదవాలి.

మాకు 1991లో స్లాబ్ పడింది. డబ్బు అక్కడితో అయిపోయింది. సెంట్రింగ్ చెక్కల అచ్చులు చూస్తూనే నేను డిగ్రీ దాకా చదివాను. స్లాబ్ అడుగున గాట్లు పెట్టించి ప్లాస్టరింగ్ చేయించింది ఈ ఏడాదే.

ఏప్రిల్ 14కి ఇల్లు తెల్లగా కనపడాలని నా తొందర. పది రోజులకే ముందు గదిలో లప్పం పెట్టించి రంగు వేయించాను. నెల తిరక్కుండా పెచ్చులు రాలాయి. నాన్న చూసి, "సున్నం అనుకున్నావట్రా? సున్నం గాలి పీల్చుకుని గట్టిపడుద్ది, తడిని బయటికి పోనిస్తది. ఈ రంగు పొర తడిని లోపలే బిగించేసింది" అన్నాడు.

ఆయన చెప్పిన పద్ధతి రాస్తున్నాను, మన ఇళ్ళలో పనికొస్తుంది. కొత్త ప్లాస్టరింగ్‌కి కనీసం 7 రోజులు నీళ్ళు పట్టాలి. తర్వాత తలుపులు, కిటికీలు తెరిచి నెల రోజులు ఆరనివ్వాలి. ఒక ప్లాస్టిక్ కాగితం ముక్కని నాలుగు వైపులా టేపుతో కప్పుకి అంటించి ఒక రోజు ఉంచండి. లోపల చెమట పడితే ఇంకా ఆరలేదని అర్థం. తెల్లగా ఉప్పు పొంగితే పొడి బ్రష్‌తో దులపాలి, నీళ్ళతో కడగకూడదు. కొత్త సిమెంటులో క్షారం ఎక్కువ, నూనె రంగుని తినేస్తుంది. అందుకని క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ ముందు వేసి, లప్పం రెండుసార్లు పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ ప్రైమర్ వేసి, ఆపైన రంగు రెండు కోట్లు వేయాలి. అంత డబ్బు లేకపోతే సున్నమే వేయండి, తప్పేం లేదు.

నెల రోజులు ఆగాం. ముందు గది గీకించి మళ్ళీ చేద్దామంటే నాన్న ఒప్పుకోలేదు. డ్రమ్ముల మీద చెక్క వేయించుకుని, వద్దన్నా వినకుండా తనే ఎక్కి, వంటింట్లో మొదలుపెట్టాడు. ఎందుకని నేను అడగలేదు.

మీ ఇళ్ళలో సున్నాలు వేసినవాళ్ళుంటే అడగండి. ఎవరి కప్పులకు వేశారు, ఏ గదిలోకి రానివ్వలేదు? రాసి పెట్టండి. మన చరిత్రని మనం తప్ప ఎవరూ రాయరు.

వచ్చే భాగంలో బావి.

జై భీమ్.