‘ఎక్స్‌ప్లోరర్‌లోనే ఓపెన్ చెయ్యండి’: ఒక చిన్న నోటీసు వెనక ఇరవై ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఉన్నదల్లా ఒక ఏ4 పేపరు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెయిన్ రోడ్డుకి రెండు వైపులా ఉండే ఇంటర్నెట్ సెంటర్లలో ఒకప్పుడు ఆ పేపరు గోడకి అంటించి ఉండేది. ‘ఈ సైట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే ఓపెన్ చెయ్యండి. పాపప్ బ్లాకర్ ఆఫ్ చెయ్యండి. జావా అప్‌డేట్ చెయ్యొద్దు.’

ఇప్పుడు ఫోన్‌లో రెండు నిమిషాల్లో రిటర్న్ వేసి, ఓటీపీ కొట్టి పడుకునే మనకి అది వింతగా ఉంటుంది. సైట్ అన్నాక ఏ బ్రౌజర్‌లో అయినా తెరుచుకోవాలి కదా? ఒక్కదాంట్లోనే ఎందుకు? ఆ ‘ఎందుకు’కి సమాధానమే ఈ ఎపిసోడ్.

ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 2015 సెప్టెంబరు. నేను బీటెక్ రెండో సంవత్సరం. మా బాబాయ్‌కి కొత్తపేటలో చిన్న ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ మెషీను. చుట్టుపక్కల అకౌంటెంట్లు, చిన్న వ్యాపారులు రిటర్నులు, ఫారాలు అప్‌లోడ్ చేయించుకోడానికి వచ్చేవాళ్లు. సెలవుల్లో నేను అక్కడే కూర్చునేవాణ్ణి. ఒక రోజు పని లేక, లోపలి కంప్యూటర్‌లో పాత జావా కనబడితే తీసేసి కొత్తది వేశా. బీటెక్ కదా, పాతది ఉంచితే డేంజర్ అని చదువుకున్నాం. మంచి పని చేశాననే అనుకున్నా.

మర్నాడు సాయంత్రం ఎల్బీనగర్ నుంచి హార్డ్‌వేర్ షాపు ఆయన ఒకాయన వచ్చారు. ఆయన ఫారానికి అదే ఆఖరు రోజు. చేతిలో డిజిటల్ సంతకం ఉన్న యూఎస్‌బీ డాంగిల్. ఫారం నిండింది. సంతకం దగ్గరికొచ్చేసరికి ఆ డబ్బా రావాల్సిన చోట బూడిదరంగు చతురస్రం, సెక్యూరిటీ సెట్టింగుల వల్ల ఆపేశాం అని ఒక లైను. మళ్లీ చేశాం, మళ్లీ అదే.

బాబాయ్ నా మొహం చూశాడు. “ఏం ముట్టుకున్నవ్ రా?” అన్నాడు. చెప్పా. తిట్టలేదు. డ్రాయర్‌లోంచి ఒక లాంగ్ నోట్‌బుక్ తీసి నా ముందు పడేశాడు. “ఇది సదివినంకనే ముట్టుకోవాలె.”

ఆ నోట్‌బుక్ గురించి చివర్లో చెప్తా. ముందు అసలు చరిత్రలోకి వెళ్దాం.

మన దగ్గర ప్రభుత్వ పని కంప్యూటర్ మీదకి రావడం ఇంటర్నెట్ సెంటర్లతో మొదలవలేదు. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్ని కంప్యూటరీకరించే ‘కార్డ్’ ప్రాజెక్టు మొదలైంది. 1999 డిసెంబరులో బంజారాహిల్స్‌లో ‘ట్విన్స్’ పేరుతో ఒక పైలట్ కౌంటర్ పెట్టారు. కరెంటు బిల్లు, నీళ్ల బిల్లు ఒకే చోట కట్టొచ్చు. అదే పెద్దదై 2001 ఆగస్టు 25న ‘ఈ-సేవ’ అయింది. మీ అమ్మానాన్నల్ని అడగండి, ఈ-సేవ టోకెన్ క్యూ గుర్తుంటుంది.

ఒక సంగతి గమనించండి. ఈ-సేవలో మనం బ్రౌజర్ ముట్టుకోలేదు. కౌంటర్ వెనక ఉన్న మనిషి ముట్టుకున్నాడు. కంప్యూటర్ వాళ్లది, సెట్టింగులు వాళ్లవి, పాడైతే బాగు చేయించుకునే బాధ్యతా వాళ్లదే. మనం డబ్బులిచ్చి రశీదు తీసుకోవడం వరకే.

ఇంకో ముచ్చట. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 విడుదలైన తేదీ 2001 ఆగస్టు 24. ఈ-సేవకి సరిగ్గా ఒక రోజు ముందు. యాదృచ్ఛికమే. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు మన ఆఫీసుల్లో, షాపుల్లో కంప్యూటర్ అంటే విండోస్, విండోస్ అంటే ఎక్స్‌ప్లోరర్. సైట్ కట్టేవాళ్లు అందులో పనిచేస్తే చాలనుకున్నారు. ఎదురుగా ఉన్న కంప్యూటర్లన్నిట్లో అదే ఉన్నప్పుడు ఇంకోదాంట్లో టెస్ట్ చేయమని ఎవరు అడుగుతారు?

అయితే అసలు ముడి సంతకం దగ్గర పడింది. 2000 అక్టోబరు 17న ఐటీ చట్టం అమల్లోకి వచ్చి, డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇచ్చింది. 2006లో కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ ‘ఎంసీఏ21’ తెచ్చింది. దేశంలో కంపెనీలన్నీ తమ లెక్కలు, వార్షిక రిపోర్టులు వెబ్‌లోనే దాఖలు చేయాలి. అప్పట్లో పీడీఎఫ్ ఫారం దించుకుని, నింపి, డిజిటల్ సంతకం పెట్టి, తిరిగి అప్‌లోడ్ చేయాల్సి వచ్చేది. మన ఏరియాకి దీంతో దగ్గరి చుట్టరికమే ఉంది. తెలంగాణ కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసు ఉండే కార్పొరేట్ భవన్ నాగోల్ పక్కన బండ్లగూడలోనే. ఎల్బీనగర్ నుంచి బైక్ మీద కాసేపటి దూరం. కానీ ఆఫీసు ఎంత దగ్గరున్నా లాభం లేదు, కాగితం పట్టుకుపోతే తీసుకోరు. బ్రౌజర్‌లోంచే పోవాలి.

ఇప్పుడు టెక్నికల్ ముక్క, సింపుల్‌గా చెప్తా. సంతకం తాళం డాంగిల్‌లో ఉంటుంది. సైట్ బ్రౌజర్‌లో ఉంటుంది. బ్రౌజర్ మామూలుగా ఏ సైట్‌నీ మీ యూఎస్‌బీ వైపు చూడనివ్వదు. ఇంటికొచ్చిన చుట్టం హాల్లో కూర్చుని టీ తాగాలి గానీ బీరువా తెరవకూడదు కదా, అట్లా. మరి సంతకం ఎలా? మధ్యలో ఒక వారధి కావాలి. అప్పుడు దొరికిన వారధులు రెండు. ఒకటి మైక్రోసాఫ్ట్ వాళ్ల యాక్టివ్ఎక్స్, ఎక్స్‌ప్లోరర్‌లోనే పనిచేస్తుంది. రెండోది జావా ఆప్లెట్. రెండూ ఒక రకంగా చుట్టం చేతికి బీరువా తాళం ఇవ్వడమే. అందుకే అన్ని సెట్టింగులు: సైట్‌ని ట్రస్టెడ్ లిస్టులో పెట్టు, యాక్టివ్ఎక్స్ ఎనేబుల్ చెయ్యి, పాపప్‌లు వదులు. ఒక్క ఫారం కోసం తగ్గించిన సెక్యూరిటీ చాలా కంప్యూటర్లలో మళ్లీ పెంచినవాళ్లు లేరు. ఆ కంప్యూటర్‌లోనే బ్యాంకు లాగిన్లూ జరిగేవి.

ఇది మన దేశం ఒక్కదాని కథ కాదు. దక్షిణ కొరియా ఇంకా లోతుగా ఇరుక్కుంది. 1990ల్లో అమెరికా బలమైన ఎన్‌క్రిప్షన్‌ని బయటి దేశాలకి ఇవ్వనిచ్చేది కాదు, బ్రౌజర్లలో 40 బిట్ల బలహీనమైనదే వచ్చేది. దాంతో కొరియా 1998లో ‘సీడ్’ అని సొంత ఎన్‌క్రిప్షన్ తయారు చేసుకుంది. అది బ్రౌజర్లకి తెలీదు కాబట్టి యాక్టివ్ఎక్స్‌తో తగిలించారు. ఆ దేశంలో బ్యాంకులు, షాపింగ్, ప్రభుత్వ పనులు చాలావరకు ఎక్స్‌ప్లోరర్‌కే కట్టుబడిపోయాయి. అమెరికా 2000లో రూల్స్ సడలించింది, కానీ అలవాటు వదలలేదు. చివరికి 2020 డిసెంబరులో గానీ ఆ పాత సర్టిఫికెట్ పద్ధతికున్న ప్రత్యేక హోదా పోలేదు. ఆ రోజుకి సరైనదే అనిపించిన నిర్ణయం, కారణం పోయాక కూడా 20 ఏళ్లు జనం మీద కూర్చుంది.

మళ్లీ ఇటు వద్దాం. 2011 నవంబరు 4న ‘మీ సేవ’ వచ్చింది. తహసీల్దార్ డిజిటల్ సంతకంతో కుల, ఆదాయ సర్టిఫికెట్లు. అక్కడ డాంగిల్ ఆఫీసర్ దగ్గర ఉంటుంది, మనకి ప్రింటు వస్తుంది. కానీ రిటర్నులు, కంపెనీ ఫారాలు వేసేవాళ్లకి డాంగిల్ వాళ్ల చేతిలోనే. ఇంతలో బ్రౌజర్లు మారడం మొదలెట్టాయి. 2014 జనవరిలో జావా కొత్త అప్‌డేట్ సరైన సంతకం లేని ఆప్లెట్లని ఆపేసింది. 2015 ఏప్రిల్‌లో క్రోమ్ జావా నడిచే ప్లగిన్లని ఆఫ్ చేసింది, సెప్టెంబరులో పూర్తిగా పీకేసింది. వాళ్లు చేసింది రైటే, ఆ తలుపులోంచే దొంగలు వస్తున్నారు మరి. కానీ ఇక్కడ సైట్లు అంత స్పీడుగా మారలేదు. ఆ రెండింటి మధ్య గ్యాప్‌లో నలిగింది ఎవరు? హార్డ్‌వేర్ షాపు ఆయన. ఆ గ్యాప్‌లో బతికింది ఎవరు? నిజం చెప్పాలంటే, మా బాబాయ్ లాంటివాళ్లు.

ఆ రాత్రి సంగతి పూర్తి చేస్తా. చైతన్యపురిలో ఇంకో సెంటర్ నడిపే బాబాయ్ ఫ్రెండ్ దగ్గర పాత జావా ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లో ఉందన్నారు. మెట్రో పిల్లర్ల పని నడుస్తున్న రోడ్డు మీద దుమ్ములో బైక్ వేసుకుపోయి తెచ్చా. కొత్తది తీసేసి, పాతది వేసి, రీస్టార్ట్ చేసి, సంతకం డబ్బా తెరుచుకునేసరికి పదకొండు దాటింది. ఆ షాపు ఆయన అప్పటిదాకా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే ఉన్నారు. అక్‌నాలెడ్జ్‌మెంట్ ప్రింటు చేతికిచ్చాక దాన్ని రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నారు. కంప్యూటర్ పాడు చేసింది నేనని ఆయనకి తెలీదు. చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆలస్యమైతే ఏమవుతుంది అంటారా? కంపెనీల వార్షిక ఫారాలకి 2018 జులై నుంచి రోజుకి, ఒక్కో ఫారానికి 100 రూపాయల అదనపు రుసుం. మీ బ్రౌజర్ మొండికేసిందనో, ఇంటర్నెట్ సెంటర్ కుర్రోడు జావా పీకేశాడనో ఆ మీటరు ఆగదు. ఈ-సేవ కౌంటర్ వెనక ఉన్న బాధ్యత మన టేబుల్ మీదకి వచ్చింది, ఎవరూ అనౌన్స్ చేయకుండానే. ఈ మొత్తం కథలో నాకు ముఖ్యంగా అనిపించింది ఇదే.

తర్వాత వారధులే మారాయి. 2015 నుంచి మామూలు ఆదాయపన్ను రిటర్నుని ఆధార్ ఓటీపీతో నిర్ధారించొచ్చు, కాగితం బెంగళూరు పంపక్కర్లేదు. 2017 జులై 1న వచ్చిన జీఎస్టీలో డిజిటల్ సంతకానికి బ్రౌజర్ బయట విడిగా ఒక చిన్న సాఫ్ట్‌వేర్ పెట్టారు. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌ని మైక్రోసాఫ్ట్ రిటైర్ చేసింది. దాన్నే నమ్ముకున్న పాత సైట్ల కోసం ఎడ్జ్‌లో ‘ఐఈ మోడ్’ మాత్రం మిగిల్చారు.

ఇక ఆ నోట్‌బుక్. ఒక్కో పేజీకి ఒక్కో సైట్. ఏ బ్రౌజర్, ఏ జావా, ఏ రీడర్, ఏ సెట్టింగ్, ఏ రోజు మారింది, అన్నీ బాబాయ్ చేతిరాత. కొన్ని లైన్లు కొట్టేసి పక్కన కొత్త తేదీ. ఆయన డిగ్రీ మధ్యలో ఆపేసిన మనిషి. నేను ఉద్యోగంలో చేరాక చూసిన ఖరీదైన డాక్యుమెంటేషన్లలో కూడా అంత నిజాయితీ చూళ్లేదు. సెంటర్ మూసేశాక ఆ పుస్తకం నేనే తెచ్చుకున్నా. ఇప్పుడు నా టేబుల్ మీదే ఉంది.

మీకు నాలుగు మాటలు, ఈ చరిత్రలోంచే. ఏ సైట్ అయినా సెక్యూరిటీ ఆఫ్ చెయ్యమంటే, ఆ ఒక్క సైట్‌కే చెయ్యండి, పని అవగానే వెనక్కి పెట్టండి. పాపప్ పర్మిషన్ కూడా అంతే. ఆఖరు తేదీ ముందు రోజు ఏదీ అప్‌డేట్ చెయ్యకండి, అది అయ్యాక తప్పకుండా చెయ్యండి. అక్‌నాలెడ్జ్‌మెంట్ పీడీఎఫ్ దించుకున్నాకే ట్యాబ్ మూయండి.

ఇంకొకటి. ఇంట్లో నాన్నో, పక్కింటి అంకులో “ఈ సైట్ ఓపెన్ అయితలేదు బిడ్డా” అంటే, మీకు రాదులే అని ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చుని, ఏం నొక్కారో చూసి, ఒక కాగితం మీద రాసిపెట్టండి. మా బాబాయ్ చేసింది అదే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.